దిగేదాకా బతికున్నట్టే

బాపయ్యని తెచ్చి మళ్ళీ కూచోబెట్టారు. అదే వీరాంజనేయులికి అర్థం కాలేదు. పోయిన మనిషిని పడుకోబెట్టటం చూశాడు, నలుగురు మోయటం చూశాడు, చాపలో చుట్టి ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి మీద వేసుకురావటం కూడా చూశాడు గానీ, ఇట్లా విమానం చిట్టచివరి వరసలో కిటికీ పక్కన కూచోబెట్టి, నడుముకి బెల్టు బిగించి, మెడదాకా నీలం దుప్పటి కప్పి, తల వాలిపోకుండా అటొక దిండు ఇటొక దిండు దోపి, చెవుల దగ్గర చెదిరిన జుట్టు సవరించి మరీ వెళ్ళటం ఎక్కడా చూళ్ళేదు. పోతే మొహం మీదికి కప్పాలి. కప్పలేదు. అంటే పోలేదనా? పోకపోతే విమానంలో టీలూ టిఫిన్లూ అందించే ఆ పిల్లలిద్దరూ వెనక వంటసామాన్ల గదిలో కింద పడుకోబెట్టి, చెమటలు కారేట్టు వంతులవారీగా గుండె మీద అంతసేపు గుద్ది, చొక్కా విప్పి ఏదో మిషను అంటించి, చివరికి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని ఎందుకు ఆపినట్టు? ఆ పిల్ల, చిన్న కళ్ళ పిల్ల, బ్యాంకాక్ పిల్ల, వెళ్ళబోతూ రెండు చేతులూ జోడించి తల వంచింది. ఎవరికి పెట్టింది ఆ దణ్ణం? శవానికైతే మనమూ పెడతాం. కానీ పొద్దున విమానం ఎక్కేటప్పుడూ పెట్టింది, టీ ఇచ్చేటప్పుడూ పెట్టింది, వాళ్ళు దేనికైనా పెడతారు, ఆ దణ్ణంలోనించి ఏమీ తెలుసుకోటానికి లేదు.

"బావా," అన్నాడు వీరాంజనేయులు మెల్లిగా, ఎవరూ వినకుండా. బావ పలకలేదు. బతికుండగా పిలిస్తే మాత్రం ఎప్పుడు పలికాడు గనక. ముప్పై ఏళ్ళు పర్చూరు సెంటర్లో పురుగుమందుల కొట్టు నడిపినవాడు, గల్లా ముందు కూచుంటే కళ్ళద్దాల పైనించి ఒక చూపు చూసేవాడు, అదే పలకటం. ఆ కొట్లో వీరాంజనేయులిది ఏ ఉద్యోగమో ఇప్పటికీ ఎవరికీ తెలీదు, వీరాంజనేయులికీ తెలీదు. డబ్బాలు దించేది తనే, జీపు తోలేది తనే, గొడవకొచ్చిన రైతుకి కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని సర్దిచెప్పేది తనే. గుమస్తా అందామంటే ఓనరు పెళ్ళానికి సొంత తమ్ముడు, భాగస్థుడు అందామంటే గల్లాపెట్టె తాళం ఒక్కనాడూ చేతికి రాలేదు. ఏడో తరగతిలో బడి మాన్పించేసి నాన్న పత్తిచేలోకి తోలాడు, ఆ నాన్న ఆర్నెల్లు తిరక్కముందే పోయాడు, ఇక చదువూ లేదు చేనూ లేదు. అక్క సుబ్బరావమ్మ మొగుడే దిక్కయ్యాడు. దిక్కు అంటే మరి అంతే, ఎటు తిరిగినా ఆయనే కనపడాలి. ఈ బ్యాంకాక్ కూడా అంతే. మందులు బాగా అమ్మిన డీలర్లని కంపెనీ వాళ్ళు ఊరికే తిప్పుతున్నారంటే బాపయ్యకి రెండు టిక్కెట్లు వచ్చాయి, "నేను గాల్లోకి రాను, నా కాళ్ళు నేల మీదే ఉండాలి" అని అక్క మొండికేస్తే, "అయితే ఈ వెధవని తీసుకెళ్తా, సంచులు మోస్తాడు" అన్నాడు. మోశాడు. సంచులు మోశాడు, నిన్న సాయంత్రం ఏనుగుల ఆట దగ్గర చెప్పులు కూడా మోశాడు. ఇప్పుడు ఏం మొయ్యాలో ఎవరూ చెప్పటం లేదు.

కంపెనీ కుర్రాఫీసరు ప్రేమ్‌చంద్ వచ్చి సీటు పట్టుకుని వంగాడు. పన్నెండు మంది డీలర్లని తీసుకెళ్ళి పన్నెండు మందినీ అప్పజెప్పాల్సినవాడు. "వీరాంజనేయులు గారూ, మీరు ముందుకొచ్చి కూర్చుంటారా? నా సీటు ఇస్తాను."

"ఏం, ఇక్కడేమైంది?"

"అంటే... వాళ్ళు అడగమన్నారండీ."

"బావ ఎట్లా ఉన్నాడంట?"

ప్రేమ్‌చంద్ ఇటు చూశాడు, అటు చూశాడు, గొంతు తగ్గించాడు. "విమానంలో డాక్టరెవరూ లేరండీ. మైకులో అడిగారు, ఒక పళ్ళ డాక్టరమ్మ లేచింది గానీ నాకు సంబంధం లేదని కూర్చుండిపోయింది. డాక్టరు చూసి చెప్పేదాకా వీళ్ళు ఆ మాట అనకూడదంట. రూలంట. చెన్నైలో దిగంగానే డాక్టరు ఎక్కుతాడు."

"ఎక్కి?"

"ఎక్కి చూసి, చెప్తాడు."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా ఒంట్లో బాగోలేని ప్యాసింజరండీ. అంతే."

అంతే అని వెళ్ళిపోయాడు. ఒంట్లో బాగోలేని ప్యాసింజరు. వీరాంజనేయులు దుప్పటి కింద చెయ్యి పెట్టి బావ చెయ్యి వెతికి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. కానీ విమానమే చల్లగా ఉంది, నెత్తి మీది గొట్టంలోనించి ఒకటే చలిగాలి, తన చెయ్యి కూడా చల్లగానే ఉంది, రెండు చల్లటి చేతులు ఒకదాన్నొకటి పట్టుకుంటే ఏది ఎవరిదో ఏం తెలుస్తుంది. పచ్చపురుగు పత్తిని మొదలంటా తినేసిన ఏడాది, తోమా అని కౌలుకి చేసుకునే మనిషి, తమ కొట్లో కొన్న డబ్బానే గొంతులో పోసుకుంటే, జీపులో వేసుకుని పెద్దాసుపత్రికి తోలింది తనే కదా. అక్కడ గేటు దగ్గరే ఒకడు టార్చిలైటు వేసి రెప్ప ఎత్తి చూసి, జీపులోనించి దించనుకూడా దించనివ్వకుండా "అయిపోయింది, తీసుకెళ్ళండి" అన్నాడు. ఆ దేవకుమారి, తోమా పెళ్ళాం, మొగుడి పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని "అయ్యా వెచ్చగా ఉన్నాయయ్యా, ఇంకా వెచ్చగా ఉన్నాయి, ఒక్కసారి చూడండయ్యా" అని ఆ చీకటి వరండా అంతా వినపడేట్టు అరిచింది. ఎవరూ చూళ్ళేదు. అక్కడ వెచ్చగా ఉన్నవాడు అయిపోయాడు. ఇక్కడ ఐసుముక్కలా ఉన్నవాడు ప్యాసింజరు. ఏది రూలు, ఎవడు రాశాడు, టిక్కెట్టు కొన్నవాడికి ఒక చావూ, కౌలురైతుకి ఒక చావూనా? అట్లా అనుకుని వీరాంజనేయులు ఉలిక్కిపడ్డాడు. చావు అనేశాడు. లోపల్లోపలే అయినా అనేశాడు. అనకూడదు, ఇప్పుడు అసలు అనకూడదు, ఎందుకంటే అక్కడ పర్చూరులో ఈ పూటే పసుపు దంచుతున్నారు.

తన కూతురు శ్రీరమ్య పెళ్ళి ఇంకో వారంలో పడింది, ఈ బుధవారం పొద్దున పసుపు దంచటానికి ముహూర్తం పెట్టారు. కంపెనీ వాళ్ళు ఈ వారమే విమానం ఎక్కించారని తెలిసి తన పెళ్ళాం లక్ష్మీదుర్గ నానా మాటలూ అంది, "పెళ్ళి ఇంట్లో పెట్టుకుని ఊరేగటానికి పోతారా, సిగ్గూ శరం ఉండఖ్ఖర్లా," అని. దానికి బావే సమాధానం చెప్పాడు, "పసుపు దంచటం ఆడాళ్ళ పనమ్మా, మేముండి చేసేదేముంది, మీరు దంచి ముగించేసరికి మేము చెన్నైలో దిగి రైలెక్కుతాం," అని. మొదటి పోటు అక్కది. మేనత్త కదా. ఐదుగురు ముత్తైదువుల్లో పెద్దది. దుగ్గిరాల నించి కొమ్ములు తనే ఏరి తెప్పించుకుంది, రోకలి కొత్తది చేయించింది, దానికి కట్టే తమలపాకులు తెనాలి నించి రావాలంది, ఇక్కడివి ముదురంటుంది. రాత్రి హోటల్లో ఉండగా ఫోను చేసి అరగంటసేపు ఇవే కబుర్లు. "ఏమండీ, నేను ఎర్రంచు పట్టుచీర కట్టుకోనా, ఆకుపచ్చది కట్టుకోనా?" అంటే బావ విసుక్కుని, "ఏదో ఒకటి కట్టుకుని తగలడు, దంచేది రోకలి గానీ చీర కాదుగా," అని ఫోను పెట్టేసి, పెట్టేశాక తనలో తనే నవ్వుకుంటూ, "ఎర్రంచుదే కట్టుకుంటదిరా మీ అక్క. నన్ను అడగటం ఊరికే," అన్నాడు.

ఎర్రంచుదే కట్టుకుని ఉంటుంది. ఈపాటికి తల దువ్వుకుని, పూలు ముడుచుకుని, కాళ్ళకి పసుపు రాసుకుని, వాకిట్లో ముగ్గు మీద రోలు పెట్టించి, రోకలికి తమలపాకులు కట్టి, అందరి కన్నా ముందు తన చెయ్యి వేసి... అసలు వేసేసిందా? వెయ్యబోతోందా? ముహూర్తం పొద్దున్నే అన్నారు, పొద్దు అంటే ఎంత పొద్దు, ఇక్కడ కిటికీ తలుపు దించేశారు, పొద్దు ఎక్కడున్నదో కనపడదు. బావ చేతి గడియారం చూద్దామంటే అది ఇంకా బ్యాంకాక్ టైములోనే ఉంది, ఇంటికెళ్ళాక తిప్పుకుంటానన్నాడు. ఇంటికెళ్ళాక అందరూ అడిగే మొదటిమాట ఏది? వీరాంజనేయులికి తెలుసు. ఏ చావింటికెళ్ళినా చెప్పులు విప్పకముందే అడిగేది అదే. "ఎప్పుడు పోయాడు?" ఏ గడియలో, తిథి ఏమిటి, నక్షత్రం మంచిదేనా. పక్కన ఎవరున్నారు? పక్కన నువ్వే ఉన్నావుగదరా, నువ్వు చెప్పు. తను నోరు తెరిచి పసుపు దంచకముందే అన్నాడా, ఇక అయిపోయింది. మొగుడు పోయాక ముత్తైదువ వేషంలో పెళ్ళిపసుపు దంచింది అంటారు. ఆమెకి తెలీదుగదా అంటే ఒకళ్ళు అవునంటారు, పదిమంది అవుననరు. ఆ పసుపుతో పిల్లకి మంగళస్నానం ఎట్లా చేయిస్తారు, ఆ పసుపు పారబోసి మళ్ళీ దంచాలి, మగపెళ్ళివాళ్ళ చెవిన పడితే వాళ్ళేమంటారు, ఇక ఆ పిల్లకి రేపు కడుపులో నొప్పొచ్చినా కాలు బెణికినా ఆ పసుపు పేరే ఎత్తుతారు, ఎత్తినప్పుడల్లా అక్క పేరు ఎత్తుతారు. అక్క మొహం మీద కాదు. ఆమె అటు తిరిగాక.

అమ్మకి జరిగింది అదేగా. నాన్న పోయేటప్పటికి అమ్మకి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. మిర్చి కల్లాల్లో ముచ్చికలు తీసే పనికెళ్ళేది, ఎర్రటి కుప్పల మధ్య కూచుని కాయకీ కాయకీ తొడిమ గిల్లుతూ, దగ్గుతూ, మంట పుట్టిన వేళ్ళు రాత్రంతా నీళ్ళల్లో పెట్టుకునేది. అక్కకి బాపయ్య సంబంధం కుదిరి పసుపు దంచే రోజున, సొంత కూతురి పసుపు, ఆ రోజు కూడా అమ్మ కల్లానికే వెళ్ళింది. ఎవరూ వెళ్ళమన్లేదు. ఉండమనీ అన్లేదు. తెల్లారగట్ట తనే గోచీ బిగించి కట్టుకుని, నెత్తిన గుడ్డ చుట్టుకుని, ముఖద్వారంలోనించి కాకుండా దొడ్డి గుమ్మంలోనించి వెళ్ళింది, వచ్చే ముత్తైదువులకి ఎదురుపడకుండా. అక్క చూసింది. పీటల మీద కూచోవాల్సిన పిల్ల దొడ్లోకి పరిగెత్తి, "అమ్మా నువ్వు ఉండవే, నువ్వు దంచకపోతే నేను పెళ్ళి చేసుకోను," అని కొంగు పట్టుకుంటే, అమ్మ ఆ కొంగు విడిపించుకోవటానికి అక్కని కొట్టింది కూడా. పెళ్ళికూతుర్ని చెంప మీద కొట్టింది. వీరాంజనేయులు బావి గట్టు మీద కూచుని అంతా చూస్తున్నాడు, పళ్ళు తోముకుంటూ. ఇన్నేళ్ళయినా అక్క ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, ఊళ్ళో ఎవరింట్లో పసుపు దంచినా పిలవటమే ఆలస్యం ముందుండేది, పిలవకపోతే కోపం తెచ్చుకునేది, ఇక సొంత మేనకోడలిది అయ్యేసరికి ఆమె సంబరం చూసి లక్ష్మీదుర్గే, "మీ అక్క పెళ్ళా మన పిల్ల పెళ్ళా?" అని నవ్వింది.

"తమ్ముడూ," అంటూ నాగూర్ వలి వచ్చి ఖాళీగా ఉన్న ఆ చివరి సీట్లో కూచున్నాడు. పిడుగురాళ్ళలో కొట్టు ఆయనది. పెద్ద నోరు, పెద్ద పొట్ట, ఈ నాలుగురోజులూ అందరినీ నవ్వించినవాడు. ఇప్పుడు ముందు సీటు వెనకున్న బొమ్మల పుస్తకం తీసి తిప్పాడు. తర్వాత బాపయ్య వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "పొద్దున అట్టులో కారప్పొడి చల్లుకుని, ఏమన్నాడు? ఈ బ్యాంకాక్ వాళ్ళకి నాలిక ఇచ్చి దేవుడు దండగ చేసుకున్నాడు అన్నాడు. నేను నవ్వి పక్కకి తిరిగాను. అంతలోనే." 

"అన్నా, ఏమంటావు? ఉన్నట్టా, లేనట్టా?"

నాగూర్ వలి గడ్డం గోక్కున్నాడు. "నన్నడక్కు. నేననను."

"నీకు తెలుసుగా."

"నీకూ తెలుసు. ఆ పిల్లలకీ తెలుసు, ఆ ముందు డ్రైవరుకీ తెలుసు. అందరికీ తెలిసి ఎవ్వరం అనట్లేదంటే ఏదో ఉంటది. అనకు." లేస్తూ లేస్తూ, బాపయ్య దుప్పటి అంచు చిన్నపిల్లాడికి సర్దినట్టు గడ్డం కిందికి సర్ది వెళ్ళాడు.

తెలుసా? అసలు ఏది తెలుసు? వీరాంజనేయులు కళ్ళు మూసుకుని వెనక్కి వెళ్ళాడు. అట్టు తిన్నాడు, అది నిజం. టీ అడిగాడు, పాలు వేరే పొట్లంలో ఇస్తే "మన గేదెలకి ఈ మర్యాద లేదురా" అన్నాడు, అదీ నిజం. తర్వాత తను కళ్ళు మూశాడు. తర్వాత బావ తల వచ్చి తన భుజం మీద పడింది. బరువుగా. నిద్రపోయాడనుకున్నాడు, "జరుగు బావా" అని భుజం విదిలించాడు, తల అటు వెళ్ళి మళ్ళీ ఇటొచ్చింది. అప్పుడు ఉన్నట్టా? మూడోసారి విదిలించినప్పుడు నోట్లోనించి ఒక శబ్దం వచ్చింది, గురకా? మాటా? వీరా అన్నట్టు వినపడింది, ఉత్త గాలేమో. ఆ శబ్దం అప్పుడు ఉన్నట్టా, ఆ తర్వాత ఆ పిల్ల వచ్చి మెడ మీద వేళ్ళు పెట్టి గబగబా గంట నొక్కేదాకా ఉన్నట్టా, వాళ్ళు గుండె గుద్దుతున్నప్పుడు ఒక్కసారి కాలు కదిలింది, వాళ్ళు గుద్దటం వల్ల కదిలిందా, తనంతట కదిలిందా? ఇంత దగ్గరున్నవాడికే తెలియకపోతే గడియ ఎవడికి తెలుసు? ఆ మాటకొస్తే ఏ ఊరి గడియ? కింద సముద్రం. సముద్రం మీద ఎవరి పంచాంగం నడుస్తుంది? అయ్యవారిని అడిగితే ఆయన మాత్రం ఏం చెప్తాడు, ఆయన లెక్కలన్నీ పర్చూరు సూర్యుడికి వేసినవి. ఒకటే రూలుంది. ఈ విమానం వాళ్ళ రూలు. చెన్నైలో డాక్టరు చెప్పేదాకా బాపయ్య ప్యాసింజరు. వీరాంజనేయులు ఆ రూలుని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. మొదట తిట్టుకున్న రూలే. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు రాసిన రూలు, దేశాలన్నిటికీ చెల్లే రూలు. ఎవడైనా అడగనీ, "ఎప్పుడు పోయాడు?" అంటే, "చెన్నైలో దిగాక, డాక్టరు చూసినప్పుడు," అంటాడు. అది అబద్ధం ఎట్లా అవుతుంది? వాళ్ళు బెల్టు పెట్టారుగా. దుప్పటి మెడదాకానే కప్పారుగా. పోయినవాడికి ఎవడన్నా బెల్టు పెడతాడా? దిగటం ఆలస్యమైతే మంచిది. తిరగనీ, చెన్నై మీద గింగిర్లు తిరగనీ, ఈలోపు అక్క దంచి, చాటలోకి తీసి, జల్లించి, గిన్నెకెత్తి మూతపెట్టి, తాంబూలాలిచ్చి అందరినీ పంపించేస్తుంది. ఎర్రంచు చీర విప్పి మడతపెట్టి, గచ్చు మీద చాపేసుకుని నడుం వాల్చినాక. అప్పుడు చెప్పొచ్చు. అప్పుడే పోతాడు బావ.

ఇంతలో మైకులో ఏదో అన్నారు. చెవులు గుయ్యిమన్నాయి. ఆ బ్యాంకాక్ పిల్ల గబగబా వరసలన్నీ చూసుకుంటూ వచ్చి, వీరాంజనేయులి ముందున్న బల్ల ఎత్తి పెట్టి, బాపయ్య మీదుగా వంగి సీటు మీట నొక్కింది. బాపయ్య నిటారుగా అయ్యాడు. అందరూ నిటారుగా కూచోవాలి, రూలు. తర్వాత కిటికీ తలుపు పైకి తోసింది, అదీ రూలే, దిగేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి. భళ్ళున ఎండొచ్చి బాపయ్య మొహం మీద పడింది. అప్పుడు చూశాడు వీరాంజనేయులు. ఇంతసేపూ గుడ్డిదీపంలో చూసిన మొహం కాదు. పెదాలు బూడిదరంగు, ముక్కు సన్నబడింది, ఎడం కన్ను రెప్ప కింద తెల్లగా ఒక గీత. ఎండ సూటిగా కంట్లో పడుతున్నా ఆ రెప్ప అదరలేదు. పిల్ల కూడా చూసింది. తలుపు మళ్ళీ సగం దించింది. రూలు తప్పింది. మళ్ళీ దణ్ణం పెట్టింది, ఈసారి మాత్రం ఎవరికో వీరాంజనేయులికి తెలిసింది, తెలిసి తల తిప్పుకున్నాడు. నాకు తెలీదు, నేను చూళ్ళేదు, డాక్టరు చెప్పాలి.

చక్రాలు నేలకి తగిలి విమానం ఎగిరిపడితే బావ తల ఒకసారి అవునన్నట్టు ఊగింది. ముందు వరసల్లో అప్పుడే ఫోన్ల మోతలు మొదలయ్యాయి, ఎవడో పెళ్ళాంతో "దిగామే, పప్పులో ఎండుమిరపకాయలు నాలుగు ఎక్కువెయ్యి," అంటున్నాడు. అందర్నీ సీట్లలోనే ఉండమని మైకులో చెప్పారు. వెనక తలుపు తీశారు, మద్రాసు ఉక్క లోపలికొచ్చింది. డాక్టరు ఎక్కాడు. నల్లగా పొట్టిగా, నెరిసిన మీసాలు, మెడలో గొట్టం. వెంట ఖాకీ చొక్కా ఒకడు. ప్రేమ్‌చంద్ వాళ్ళ వెనకే నించుని ఇంగ్లీషులో ఏవో చెప్తున్నాడు.

"మీకు ఏమవుతారు?" అన్నాడు డాక్టరు, అరవం కలిసిన తెలుగులో.

"మా అక్క మొగుడండీ."

"ఎప్పట్నించి మాట లేదు?"

వీరాంజనేయులు నోరు తెరిచాడు. "మీరే చూసి చెప్పాలండీ. మాకేం తెలుస్తుంది." డాక్టరు ఆ మొహంలోకి ఒక్క క్షణం చూసి, దుప్పటి దించి, చొక్కా గుండీ తీసి గొట్టం పెట్టాడు. అప్పుడే ఆ చొక్కా జేబులో ఫోను మోగింది. బావ ఆఫ్ చెయ్యలేదు, ఆ పిల్ల ఎంత చెప్పినా తలూపి జేబులో పెట్టుకున్నాడు, మాట వినే మనిషి కాదుగా. డాక్టరు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఫోను మోగుతూనే ఉంది, బాపయ్య గుండె మీద, చిన్న పచ్చ దీపం వెలుగుతూ ఆరుతూ. వీరాంజనేయులు చెయ్యి పెట్టి తీశాడు. ఎందుకు తీశాడో తెలీదు. ఆ మోత ఆగాలంతే.

"ఏమండీ, దిగారా?" అంది అక్క.

"నేనక్కా."

"నువ్వా! ఆయనేరి?"

"పక్కనే ఉన్నాడు."

"హమ్మయ్య. ఒరేయ్ వీరా, ఇంకా రోకలెత్తలేదురా. వీళ్ళంతా ఒకటే ఊదరగొడుతున్నారు, ముహూర్తం దాటిపోతోంది కానివ్వమని. ఆయన గాల్లో ఉండగా నేనెట్లా దంచుతాను? కాలు నేల మీద పెట్టాడని తెలిస్తేగానీ చెయ్యి వెయ్యనన్నాను. మీ ఆవిడైతే నన్ను కొట్టేట్టుంది. ఒకసారి ఇవ్వు ఆయనకి."

ఇంకా దంచలేదు. ఇంతసేపూ కట్టుకున్నదంతా, గంట నించీ ఒక్కో ఇటుకా పేర్చుకున్నదంతా, కాళ్ళ కిందనించి పోయింది. దంచి, జల్లించి, మూతపెట్టి అనుకున్నాడు. ఆమె ఎర్రంచు చీరలో రోలు దగ్గర నించుని తన నోటి వైపు చూస్తోంది. ఎదురుగా డాక్టరు మళ్ళీ గొట్టం పెట్టాడు, ఇక్కడ, కొంచెం పక్కన, కళ్ళు మూసుకుని విన్నాడు, చెవుల్లోనించి గొట్టం తీశాడు. ప్రేమ్‌చంద్ వైపు తిరిగాడు. నోరు తెరవబోతున్నాడు. ఫోనులో ఎవరో నవ్వుతున్నారు, ఎవరిదో గాజుల చప్పుడు, "అత్తయ్యా తొందరగా" అని శ్రీరమ్య గొంతు. చెప్పాలి. తమ్ముడన్నవాడు చెప్పాలి. చెప్తే ఆ రోకలి ఆమె చేతిలోనించి ఇంకొకళ్ళు తీసుకుంటారు, వెంటనే, ఈ నిమిషంలోనే, ఇక జన్మలో ఇవ్వరు, ఎర్రంచు చీరతో దొడ్డిగుమ్మం వైపు నడిపిస్తారు. చెప్పకపోతే?

వీరాంజనేయులి కుడిచెయ్యి దానంతటదే లేచింది. అరచెయ్యి చాచి డాక్టరు నోటికి అడ్డంగా, తాకకుండా, గాల్లో పట్టాడు. "ఒక్క నిమిషం సార్," అన్నాడు, "ఒక్క నిమిషం ఆ మాట అనకండి." ఖాకీ చొక్కావాడు ముందుకి రాబోతే డాక్టరే కళ్ళతో ఆపాడు.

"ఏంట్రా, ఎవరితో?" అంది అక్క.

"బావ... బెల్టు తియ్యలేదింకా అక్కా. జనం లేవలేదు. దిగాం. నేల మీదే ఉన్నాం. నువ్వు కానివ్వు."

"ఆయన కానివ్వమన్నాడా?"

వీరాంజనేయులు బావ వైపు చూశాడు. "ఎర్రంచుదే కట్టుకుని ఉంటావన్నాడు," అన్నాడు.

అవతల అక్క నవ్వింది. సిగ్గుపడుతూ, అరవై ఏళ్ళ దగ్గర పడుతున్న మనిషి, అందరి ముందూ. "చూడండే, అక్కడుండి కనిపెట్టాడు," అని ఎవరితోనో చెప్తూ ఫోను ఎక్కడ పెట్టిందో, పెట్టెయ్యటం మర్చిపోయింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. రోకలి పడింది. కొమ్ములు పగిలిన చప్పుడు చెవిలో కరకరమంది. మళ్ళీ పడింది. డాక్టరు ఆ చెయ్యి వైపు చూస్తూ అట్లాగే నించున్నాడు, మీసాల కింద ఆ మాట అట్లాగే ఉంది. నాగూర్ వలి తన సీటులోనించి సగం లేచి నించున్నాడు, ఆ పిల్ల తలుపు దగ్గర, ప్రేమ్‌చంద్ నోటి మీద చెయ్యి పెట్టుకుని. రోకలి మళ్ళీ పడింది. ఆ చెయ్యి ఎప్పుడు దించాలో వీరాంజనేయులికి తెలీలేదు.